వణుకు ఏ చక్రానిది?

పికప్ వాహనాల వణుకు గురించి ఈమధ్య వచ్చిన ఉత్తరాలలో కొన్నింటిని ఎంచి ఈసారి ఒకేచోట జవాబులు ఇస్తున్నాము. పేర్లు అచ్చువేయవద్దని కొందరు కోరినందువల్ల అందరివీ ఊళ్ల పేర్లు మాత్రమే ఇచ్చాము.

ప్రశ్న: నాలుగేళ్ల కిందట కొన్న పికప్‌తో మదనపల్లె మార్కెట్ నుంచి పలమనేరు, చిత్తూరు మీదుగా చెన్నై కోయంబేడుకు టమాటా ట్రేలు తోలుతుంటాను. ఏడు నెలల కిందట ముందు టైర్లు రెండూ కొత్తవి వేయించాను. మూడు నెలలుగా వేగం 65 దాటగానే స్టీరింగ్ వణకడం మొదలై, 75 దగ్గర చేతులు తిమ్మిరెక్కేంతగా పెరిగి, ఖాళీ బండితో తిరిగివచ్చేటప్పుడు 90 దాటితే కొంత తగ్గుతోంది. ఇప్పటికి మూడుసార్లు బ్యాలెన్సింగ్ (చక్రం చుట్టూ బరువు సమం చేయడం), రెండుసార్లు చక్రాల కోణాలు సరిచేసే అలైన్‌మెంట్ చేయించాను. ఒక మెకానిక్ చెప్పాడని షాక్ అబ్సార్బర్లు, ఇంకొకరు చెప్పారని స్టీరింగ్ కడ్డీల చివర ఉండే టై రాడ్ ఎండ్లు మార్పించాను. పదిహేను వేలకు పైగా ఖర్చయినా వణుకు ఎక్కడిదక్కడే ఉంది. బ్యాలెన్సింగ్ మిషన్ మాత్రం ప్రతిసారీ సున్నా చూపిస్తోంది. ఊళ్లో 20, 30 మీద నెమ్మదిగా పోతున్నప్పుడు కూడా స్టీరింగ్ కొద్దిగా అటూ ఇటూ ఊగినట్లుంటుంది గానీ అది రోడ్డు వల్ల కావచ్చు. ఇంకా ఏమి మార్చమంటారు?
— ఒక పాఠకుడు, మదనపల్లె

జవాబు: ప్రస్తుతానికి ఏమీ మార్చకండి. ఉత్తరం చివర మీరు రోడ్డు మీదికి నెట్టి వదిలేసిన మాటలోనే ఈ జబ్బు ఆచూకీ ఉంది. 20, 30 కిలోమీటర్ల వేగంలో స్టీరింగ్ ఊగుతోందంటే అది బ్యాలెన్సింగ్ లోపం కావడానికి దాదాపు వీలు లేదు. ఎందుకో చిన్న లెక్క వేసి చూద్దాము.

మీ బండికి 215/75 ఆర్15 కొలత టైర్లు ఉన్నాయనుకుంటే, ఆ టైరు చుట్టుకొలత ఇంచుమించు 2.2 మీటర్లు ఉంటుంది. 75 కిలోమీటర్ల వేగంలో అది సెకనుకు తొమ్మిదిన్నర చుట్లు తిరుగుతుంది. డిస్కు (టైరు ఎక్కించే లోహపు చక్రం) అంచున ఒకచోట 60 గ్రాముల బరువు ఎక్కువగా ఉందంటే, ఆ వేగంలో అది చక్రాన్ని దాదాపు నాలుగు కిలోల బలంతో ప్రతి చుట్టులోనూ ఒకసారి బయటికి లాగుతుంది. అయితే ఈ బలం వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది, తగ్గుతుంది. వేగం మూడో వంతుకు, అంటే 25కు, పడిపోతే బలం తొమ్మిదో వంతుకు పడిపోయి అర కిలో కూడా మిగలదు. అంత చిన్న బలం పికప్ స్టీరింగ్‌లో చేతికి తెలియదు. కాబట్టి నెమ్మదిగా పోతున్నప్పుడు కూడా ఊగుతోందంటే, బరువు సమంగా లేకపోవడం కాదు, ఆకారమే సరిగా లేదని అర్థం: చక్రం గుండ్రంగా లేదు, లేదా పక్కకు వంకరగా తిరుగుతోంది. మన మెకానిక్కులు వాబ్లింగ్ అనేది దీన్నే.

75 దగ్గర పెరిగి 90 దాటితే తగ్గడం కూడా మీ భ్రమ కాదు. ఇరుసు, చక్రాలు కలిసి టైరులోని గాలి మీద బంతిలా సెకనుకు సుమారు పది, పన్నెండుసార్లు ఎగిరిపడే సహజ గుణం ఇలాంటి బళ్లకు ఉంటుంది. చక్రం తిరిగే లెక్క ఆ లెక్కకు దగ్గరపడినప్పుడు, ఉయ్యాలను సరైన సమయంలో తోసినట్లు, చిన్న లోపం కూడా పెద్ద వణుకవుతుంది. ఆ వేగం దాటిపోతే లయ తప్పి కొంత సద్దుమణుగుతుంది. లోపం మాత్రం ఎక్కడికీ పోదు.

ఇక మిషన్ చూపించిన సున్నా సంగతి. అది అబద్ధం చెప్పిందని నేను అనడం లేదు, మీరు అడిగిన ప్రశ్నకు మాత్రం అది జవాబు కాదు. కోడిగుడ్డు ఆకారంలో ఉన్న చక్రానికి కూడా తగినచోట తగినన్ని సీసపు ముక్కలు కొట్టి బరువును సమం చేయవచ్చు. అది మిషన్ మీద గాలిలో నిశ్శబ్దంగా తిరుగుతుంది, రోడ్డు మీద బరువు పడగానే ఎత్తుపల్లాలు బయటపెడుతుంది. ఇది కాక సున్నాయే తప్పయ్యే సందర్భం ఒకటుంది. చక్రాన్ని మిషన్ ఇరుసు మీద కోన్‌తో బిగిస్తారు. ఆ కోన్ మీద గాని, డిస్కు మధ్య రంధ్రం అంచున గాని తుప్పు, మట్టి ఉంటే చక్రం నడిమధ్యన కూర్చోదు. ఈసారి షాపుకు వెళ్లినప్పుడు, సున్నా వచ్చిన తరువాత చక్రాన్ని వదులుచేసి, అర చుట్టు తిప్పి మళ్లీ బిగించి ఇంకొకసారి తిప్పించమని అడగండి. రెండోసారి కూడా సున్నా వస్తే నమ్మవచ్చు. 20, 30 గ్రాములు చూపిస్తే మొదటి సున్నాకు విలువ లేదు. కొందరు షాపువాళ్లు ఈ కోరికకు మొహం చిట్లిస్తారు. డబ్బిచ్చేది మీరు కాబట్టి పట్టించుకోనక్కరలేదు.

ఇప్పుడు ఇంటి దగ్గర మీరే చేయగల పరీక్ష చెబుతాను. సమతలంగా ఉన్న చోట వెనక చక్రాలకు రాళ్లు అడ్డుపెట్టి, ముందు చక్రం ఒకటి జాకీతో లేపి, కింద గట్టి స్టాండు ఆనించండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి పక్కన కూర్చోవద్దు. రెండు ఇటుకలు పేర్చి, వాటి మీద ఒక స్క్రూడ్రైవరును దాని మొన టైరు పైముఖానికి (రోడ్డుకు ఆనే భాగానికి) రెండు మూడు మిల్లీమీటర్ల దూరంలో ఉండేలా కదలకుండా పెట్టండి. చక్రాన్ని చేత్తో చాలా నెమ్మదిగా ఒక పూర్తి చుట్టు తిప్పుతూ సందును మాత్రమే చూడండి. సందు సమంగా ఉంటే టైరు గుండ్రంగా ఉన్నట్లే. ఒకచోట మొన తగులుతూ, ఇంకొకచోట సందు పెరుగుతూ ఉంటే ఆ రెండు చోట్లా సుద్దముక్కతో గీత పెట్టండి. తరువాత మొనను టైరు పక్కగోడ వైపు, ఆపైన డిస్కు అంచు వైపు మార్చి ఇదే పని చేయండి. పక్కగోడ మీద అచ్చయిన అక్షరాలు, అతుకు గీతలు మొనను మోసం చేస్తాయి కాబట్టి నున్నగా ఉన్న వలయం చూసుకోండి. మొత్తం మీద మిల్లీమీటరున్నర దాటిన తేడా ఎక్కడ కనిపించినా అనుమానించవలసిందే.

ఈ పరీక్షకు మూడు రకాల ఫలితాలు రావచ్చు. డిస్కు అంచు చక్కగా తిరుగుతూ టైరు మాత్రం ఎగురుతోందంటే తప్పు టైరుది, లేదా దాన్ని ఎక్కించిన తీరుది. టైరు అంచు డిస్కులో కూర్చునేచోట పక్కగోడ మీద చుట్టూ ఒక సన్నని గీత అచ్చయి ఉంటుంది. ఆ గీతకూ డిస్కు అంచుకూ మధ్య దూరం ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ ఉంటే టైరు పూర్తిగా కూర్చోలేదన్నమాట. సబ్బునీళ్లు పూయకుండా పొడిగా ఎక్కించిన టైర్లలో ఇది మామూలే. గాలి తీసి, అంచు విడదీసి, సబ్బునీళ్లు పూసి మళ్లీ గాలి పట్టిస్తే పైసా ఖర్చు లేకుండా తీరిపోతుంది.

రెండోది, టైరూ డిస్కూ రెండూ ఒకేచోట కదలడం. అప్పుడు డిస్కు వంగి ఉండాలి, లేదా హబ్ (చక్రాన్ని బిగించే ఇరుసు చివరి భాగం) మీద సరిగా ఆనకుండా ఉండాలి. చక్రం విప్పి, డిస్కు వెనక ముఖాన్నీ హబ్ ముఖాన్నీ ఇనుప బ్రష్షుతో రుద్ది చూడండి. తుప్పు పొలుసులు, దళసరి పెయింటు, ఒక్కొక్కసారి చిన్న గులకరాయి ముక్క కూడా అక్కడ చిక్కుకుని ఉంటుంది. హబ్ దగ్గర అర మిల్లీమీటరు ఎత్తు ఉంటే టైరు అంచుకు వచ్చేసరికి అది రెండింతలకు మించిపోతుంది. శుభ్రం చేసిన తరువాత చక్రాన్ని ఒక నట్టు దూరం జరిపి బిగించి మళ్లీ చూడండి. వంకర సుద్దగీతతోపాటే జరిగితే తప్పు డిస్కుది. గీత జరిగినా వంకర పాత బోల్టు దగ్గరే నిలిచిపోతే హబ్‌ది. ఈ చిన్న కిటుకు తెలియక మంచి డిస్కులను పాత ఇనుము కింద అమ్ముకున్నవారిని నేను చూశాను.

మూడోది, మీ విషయంలో నేను ఎక్కువగా శంకిస్తున్నది, టైరు లోపలి ఉక్కు తీగల పట్టీ రబ్బరు నుంచి విడిపోవడం. రేడియల్ టైరులో పైముఖం కింద ఉక్కు తీగల పట్టీలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. రాతి గుంతలో గట్టిగా దిగినా, గాలి తక్కువగా ఉండగా లోడుతో ఎక్కువ దూరం నడిచినా, మేకు దిగిన రంధ్రం గుండా నీళ్లు చేరి తీగలు తుప్పుపట్టినా ఆ పట్టీ ఒకచోట ఊడుతుంది. బయటికి మొదట ఏమీ కనిపించదు. నెమ్మదిగా నడిచేటప్పుడు స్టీరింగ్ పడవలా ఊగడం దాని తొలి లక్షణం. తరువాత ఆ చోట పైముఖం కొద్దిగా ఉబ్బుతుంది, అక్కడే గాట్లు తొందరగా అరుగుతాయి, బ్యాలెన్సింగ్ చేయించిన ప్రతిసారీ బరువులు కొత్త చోటికి మారుతుంటాయి. మీ మూడు బ్యాలెన్సింగుల్లో బరువులు ఒకేచోట పడ్డాయా, వేర్వేరు చోట్ల పడ్డాయా అన్నది గుర్తుంటే అదే పెద్ద సాక్ష్యం. బండి ఆగి టైరు చల్లబడిన తరువాత అరచేతిని పైముఖం మీద చుట్టూ నెమ్మదిగా నడిపించి చూడండి. తీగ బయటికి వచ్చి ఉంటే గుచ్చుకుంటుంది కాబట్టి ముందు కంటితో చూసుకోండి.

ఉబ్బు కనిపిస్తే మళ్లీ లోడు ఎత్తకముందే ఆ టైరు తీసేయండి. రాత్రంతా బరువుతో, వేడితో నడిచే బండికి ముందు టైరు పైపొర ఒక్కసారిగా ఊడిపోతే స్టీరింగ్ చేతిలో నిలవదు. ఏడు నెలల టైరు కాబట్టి బిల్లు దగ్గర పెట్టుకుని, కొన్నచోటనే క్లెయిమ్ అడగండి. పక్కగోడ మీద నాలుగంకెల తయారీ గుర్తు కూడా రాసుకోండి. ఉదాహరణకు 2319 అని ఉంటే 2019లో 23వ వారం అని అర్థం. కొత్తదని కొన్న టైరు నిజానికి ఎంత పాతదో చాలామందికి అప్పుడే తెలుస్తుంది.

పరీక్ష చేసేందుకు తీరిక లేకపోతే స్టెప్నీ ఉపయోగించండి. అదే కొలతదై, గాలి సరిగా ఉంటే ముందు ఎడమ చక్రం తీసి దాన్ని బిగించి, వణుకు వచ్చే రోడ్డు మీదే, వచ్చే వేగంలోనే నడపండి. తగ్గకపోతే ఎడమది తిరిగి వేసి కుడిది మార్చండి. ఒకసారి ఒక చక్రమే మార్చాలి. రెండూ ఒకేసారి మార్చి వణుకు పోయిందని సంతోషిస్తే, చెడ్డది ఏదో ఎప్పటికీ తెలియదు.

మార్పించిన షాకులు, రాడ్ ఎండ్ల గురించి బాధపడకండి. అరిగిన టై రాడ్ ఎండ్లు, అరిగిన కింగ్ పిన్నులు (ముందు చక్రాలు పక్కకు తిరిగే కీళ్లు), వదులైన వీల్ బేరింగులు చిన్న వణుకును పెద్దదిగా చేసి చూపిస్తాయి, కానీ చాలావరకు వాటంతట అవి పుట్టించవు. లేపిన చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే కదిలేది బేరింగు గాని కింగ్ పిన్ను గాని, ఎడమా కుడీ పట్టుకుని ఊపితే కదిలేది ఎక్కువగా రాడ్ ఎండ్. అలైన్‌మెంట్ సంగతి చెప్పాలంటే, అది తప్పితే బండి పక్కకు లాగుతుంది, టైరు అంచులు రంపపు పళ్లలా అరుగుతాయి. వణుకుకు అలైన్‌మెంట్ చేయించడమంటే జ్వరానికి కళ్లజోడు మార్చుకోవడమే.

ప్రశ్న: మా పికప్ వానలు పడ్డప్పుడు మాత్రమే వణుకుతుంది. ఎండాకాలమంతా బాగుంటుంది. ఇలాంటిది ఎక్కడైనా ఉందా?
— నంద్యాల దగ్గరి రైతు

జవాబు: మీ నేలలోనే ఉంది. నల్లరేగడి పొలం దారిలో దిగి వచ్చిన చక్రాల డిస్కులకు లోపలి వైపు బురద దట్టంగా పట్టి, తారు రోడ్డెక్కిన తరువాత ఎండి, ఒకవైపు పెళ్లలుగా రాలిపోతుంది. మిగిలినవైపు పావుకిలో మట్టి అలాగే ఉంటుంది. 60 గ్రాములకే చేతులు వణికితే పావుకిలోకు ఏమవుతుందో ఊహించుకోండి. బయటినుంచి డిస్కు మెరుస్తూనే ఉంటుంది, నీళ్ల సర్వీసింగులో కూడా ముందుముఖమే కడుగుతారు. ఒకప్పుడు నేనే ఇలాంటి బండికి రెండు రోజులు బేరింగులు విప్పి చూసి, మూడో రోజు చక్రం నేల మీద పడుకోబెట్టినప్పుడు లోపలి మట్టిపెళ్ల చూసి సిగ్గుపడ్డాను. చక్రం విప్పి, పుల్లతో గీకి, నీళ్లతో కడగండి. బురద ఉండగా ఎవరైనా బ్యాలెన్సింగ్ చేసి ఉంటే, అది మట్టికి చేసిన బ్యాలెన్సింగ్ కాబట్టి, కడిగిన తరువాత మళ్లీ చేయించవలసి ఉంటుంది.

ప్రశ్న: మిర్యాలగూడలో రైస్ మిల్లు బస్తాలు తోలే పికప్ మాది. బరువుకు వెనక కూర్చుండిపోతోందని కమాన్ కట్టలలో, అంటే వెనక స్ప్రింగులలో, ఒక్కో పట్టీ అదనంగా వేయించాము. అదే సమయంలో ఇంజను శక్తిని వెనక ఇరుసుకు అందించే ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసులు (దాని చివర్ల కీళ్లు) కూడా మార్చారు. అప్పటినుంచి ఖాళీ బండి 50, 60 మధ్య హోరుమని అదురుతుంది. స్టీరింగ్ మాత్రం నిశ్చలంగా ఉంటుంది. లోడుతో అసలు తెలియదు. వెనక టైర్లు మార్చమని సలహా ఇస్తున్నారు. మార్చాలా?
— మిర్యాలగూడ పాఠకులు

జవాబు: మార్చవద్దు. మీ ఉత్తరంలో టైర్ల మీద ఒక్క సాక్ష్యం కూడా లేదు.

టైరు వణుకు ఎంత తీవ్రమైనదైనా నెమ్మదిది, దాన్ని దడదడగా ఒళ్లు గుర్తిస్తుంది. హోరుగా చెవికి వినిపించేది అంతకంటే వేగంగా తిరిగే వస్తువు నుంచి వస్తుంది. 55 కిలోమీటర్ల వేగంలో మీ చక్రం సెకనుకు ఏడు చుట్లు తిరుగుతుంటే, క్రౌన్ పినియన్ (వెనక ఇరుసులోని గేర్ల జత) నిష్పత్తి నాలుగు అనుకుంటే, ప్రొపెల్లర్ షాఫ్ట్ 28 చుట్లు తిరుగుతుంది. క్రాస్ జాయింటుకు ఒక వింత గుణం ఉంది. అది కోణంలో వంగి తిరిగేటప్పుడు ఇచ్చిన వేగాన్ని యథాతథంగా అందించదు. ఒక్కో చుట్టులో రెండుసార్లు కొంచెం ముందుకు తోసి, రెండుసార్లు కొంచెం వెనక్కి పట్టుకుంటుంది. అంటే సెకనుకు 56 అదుర్లు. మీరు విన్న హోరు అదే. షాఫ్టుకు రెండో చివర ఉన్న క్రాసు, అదే కోణంలో, సరైన వరుసలో ఉంటే మొదటిదాని తప్పును దిద్దుతుంది. అందువల్ల హౌసింగుకు (వెనక ఇరుసు గేర్ల పెట్టెకు) వేగం సమంగానే అందుతుంది గాని, రెండు క్రాసుల మధ్య ఉన్న షాఫ్ట్ మాత్రం ఆ హెచ్చుతగ్గులను అనుభవిస్తూనే ఉంటుంది. కోణం చిన్నదైతే అది మనకు తెలియదు, పెద్దదైతే బండంతా తెలుస్తుంది.

మీరు అదనపు పట్టీ వేసినందువల్ల ఖాళీ బండి వెనకభాగం పైకి లేచింది, షాఫ్ట్ వాలు పెరిగింది. లోడు పడగానే కమాన్లు కుంగి వాలు పాత స్థితికి వస్తోంది, హోరు పోతోంది. క్రాసులు బిగించడంలో తప్పు జరిగి ఉంటే లోడుతో కూడా అదరవలసింది కాబట్టి దాని మీద నాకు అనుమానం తక్కువ. అయినా ఒకసారి బండి కిందికి వెళ్లి చూడడం మంచిది. షాఫ్ట్ రెండు చివర్ల యోక్ చెవులూ (క్రాసును పట్టుకునే కొమ్ములు) ఒకే వరుసలో ఉండాలి. స్ప్లైన్ (షాఫ్ట్ ముక్కలు ఒకదానిలో ఒకటి జారే పళ్ల జోడింపు) ఊడదీసి మళ్లీ తొడిగేటప్పుడు ఒకటి రెండు పళ్లు తప్పితే ఆ వరుస చెదిరిపోతుంది. విప్పకముందు ఉలితో చిన్న గంటు పెట్టే పాతకాలపు అలవాటు ఇందుకే పుట్టింది. షాఫ్ట్ మీద అతికించి ఉండే చిన్న బరువు పలక ఊడిపోయిందా అని కూడా చూడండి. ఊడినచోట బొట్టంత వెల్డింగు మచ్చ మిగిలి ఉంటుంది. నడిమధ్యన షాఫ్టును మోసే సెంటర్ బేరింగ్ చుట్టూ ఉన్న రబ్బరు చినిగి ఉంటే, కదిలేటప్పుడు మొదటి గేరులో గుడగుడమని అదురుతుంది.

నిర్ధారణకు ఒక పని చేయండి. సమతలమైన, ఎదురూ వెనకా బళ్లు లేని రోడ్డు మీద 60కి వచ్చి, ఇంజను ఆపకుండా న్యూట్రల్ చేసి బండిని దానంతట పోనివ్వండి. ఇంజను నెమ్మదించినా హోరు అలాగే ఉంటే తప్పు ఇంజనుది కాదు, షాఫ్ట్ వైపుదే. ఘాట్ దారిలో గాని, పల్లంలో గాని ఈ పరీక్ష చేయకూడదు. చివరికి వాలే కారణమని తేలితే కమాను పనివాళ్ల దగ్గర రెండు దారులుంటాయి: అదనపు పట్టీని తీసివేయడం, లేదా హౌసింగుకూ కమానుకూ మధ్య వాలు ప్లేటు వేసి పినియన్ మొనను సరిచేయడం. మొదటిదే నేను చేసేవాణ్ణి. కుంగిపోయిన పాత పట్టీల స్థానంలో కంపెనీ కొలతల పట్టీలు వేయిస్తే వెనక కూర్చుండిపోయే సమస్య చాలావరకు పోతుంది. అప్పటికీ కూర్చుంటోందంటే బస్తాలు ఎక్కువయ్యాయని బండి చెబుతోందన్నమాట.

ప్రశ్న: డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాము. పికప్‌కు 33 అంగుళాల టైర్లు, బయటి కంపెనీ వీల్స్ వేయించాను. గంటకు 65 నుంచి 70 మైళ్ల మధ్య సీటు, స్టీరింగ్ రెండూ వణుకుతున్నాయి. మామూలు బ్యాలెన్సింగ్ రెండుసార్లు అయింది. ఇప్పుడు రోడ్ ఫోర్స్ బ్యాలెన్సింగ్ చేయించమంటున్నారు. అది నిజంగా వేరే పనా, లేక ఎక్కువ డబ్బు గుంజే పేరా?
— ఫ్రిస్కో, టెక్సస్

జవాబు: నిజంగా వేరే పనే. మామూలు మిషన్ చక్రాన్ని గాలిలో తిప్పుతుంది. రోడ్ ఫోర్స్ మిషన్‌లో ఒక పెద్ద రోలరు, వెయ్యి పౌండ్లకు పైబడిన బలంతో, తిరుగుతున్న టైరును రోడ్డులాగే నొక్కుతుంది. టైరు పైకి గుండ్రంగా కనిపించినా ఒకచోట గట్టిగా, ఒకచోట మెత్తగా ఉండవచ్చు. రోలరు మీద పడే బలం ప్రతి చుట్టులో ఎన్ని పౌండ్లు మారుతోందో మిషన్ అంకెలతో చెబుతుంది. మీరు డబ్బు ఇచ్చేది ఆ అంకెలకు. అందుచేత నాలుగు చక్రాల అంకెలూ కాగితం మీద రాయించుకుని, వాహన కంపెనీ పెట్టిన పరిమితితో పోల్చండి. ఎక్కువ ఉన్నదాన్ని డిస్కు మీద అర చుట్టు జరిపి ఎక్కిస్తే, టైరు ఎత్తూ డిస్కు పల్లమూ ఒకచోటికి చేరి చాలాసార్లు అంకె దిగుతుంది. కొత్త టైర్ల మీద కనిపించే ఎర్ర చుక్క ఆ ఎత్తును సూచించేదే. పసుపు చుక్క మాత్రం తేలికైన చోటుది, దాన్ని వాల్వు దగ్గర పెడతారు. ఎంత తిప్పినా అంకె దిగకపోతే ఆ టైరును వెనక్కి ఇవ్వవలసిందే.

అంతకుముందు ఖర్చు లేనిది ఒకటి చూడండి. బయటి కంపెనీ వీల్స్ మధ్య రంధ్రం అనేక రకాల బళ్లకు సరిపోయేలా పెద్దదిగా చేస్తారు. మీ హబ్ దానికంటే చిన్నదైతే ఆ సందు నింపే రింగు ఒకటి ఉండాలి. అది లేకుండా, నేల మీద బరువుతో ఉండగా నట్లు బిగిస్తే హబ్ వెంట్రుకవాసి కిందికి జారి, చక్రం నడిమధ్యన కాకుండా బిగుసుకుంటుంది. చక్రం గాలిలో ఉండగానే నక్షత్రం ఆకారంలో ఎదురెదురు నట్లను బిగించి, చివరి బిగింపు, బలాన్ని కొలిచి బిగించే టార్క్ రెంచితో చేయించండి. గాలి గన్నుతో ఒకే ఊపున బిగించనివ్వకండి.

మదనపల్లె పాఠకుడికి 75 కిలోమీటర్ల దగ్గర వచ్చిన వణుకు మీకు 65 మైళ్ల దగ్గర, అంటే 105 కిలోమీటర్ల దగ్గర, రావడంలో ఆశ్చర్యం లేదు. మీ టైరు చుట్టుకొలత 2.6 మీటర్లు కాబట్టి సెకనుకు పదకొండు చుట్లు మీకు ఆ వేగంలో వస్తాయి. నెమ్మదిగా పోతున్నప్పుడు కూడా ఊగితే మాత్రం పైన మదనపల్లె పాఠకుడికి చెప్పిన, టైరు లోపలి ఉక్కు పట్టీ విడిపోయే జబ్బును గుర్తుచేసుకోండి. మీ దేశంలో దాని చరిత్ర పెద్దది. పైపొరలు ఊడిపోయి జరిగిన ప్రమాదాల తరువాత 2000 ఆగస్టులో ఫైర్‌స్టోన్ కంపెనీ సుమారు 65 లక్షల టైర్లను వెనక్కి తీసుకుంటున్నట్లు ప్రకటించింది. ఆ ఏడాది నవంబరులోనే అక్కడ టైర్ల లోపాల మీద ట్రెడ్ చట్టం వచ్చింది. మీ డ్యాష్‌బోర్డు మీద గాలి తగ్గితే వెలిగే దీపం ఆ చట్టం ఫలితమే.

ప్రశ్న: బ్రేకు తొక్కినప్పుడు మాత్రమే స్టీరింగ్ వణుకుతోంది. టైర్లు కొత్తవే.
— రాజమహేంద్రవరం

జవాబు: టైర్ల జోలికి పోవద్దు. ముందు చక్రాల బ్రేకు డిస్కుల మందం ఒకచోట తగ్గి, ఒకచోట పెరిగి ఉంటుంది. కొత్త టైర్లు వేసినప్పుడు నట్లు ఎగుడుదిగుడుగా బిగించడం కూడా దీనికి దారితీస్తుంది కాబట్టి, వణుకు ఆ తరువాతే మొదలైతే మొదట నట్లు వదులుచేసి వరుసగా బిగించి కొన్ని రోజులు నడపండి. ఖాళీ రోడ్డు మీద 40 వేగంలో హ్యాండ్ బ్రేకును, మీట నొక్కిపట్టి, మెల్లగా కొద్దిగా లాగి చూడండి. అప్పుడు సీటు అదిరితే వెనక డ్రమ్ములు గుండ్రం తప్పాయి, లేత్ మీద పట్టించాలి. అదరకపోతే వెనకవాటిని వదిలేసి ముందు చక్రాల బ్రేకు డిస్కుల మందాన్ని చుట్టూ ఎనిమిది చోట్ల మైక్రోమీటరుతో కొలిపించండి.